గెడ్డపై కట్ట – ఎగువ దిగువ ఊళ్ల ఒడంబడిక

తూర్పు కనుమలకును సముద్రమునకును నడుమనున్న ఎలమంచిలి సీమలో, వాన కురిసిననాడు ఒడ్డులు ఒరసి పారి, నాలుగు దినములు తెఱపి యిచ్చినంతనే ఇసుక తేలిపోవు గెడ్డలపై కట్టిన చిన్న చిన్న అడ్డుకట్టలే శారదా, వరాహ నదుల చెంతనున్న వరిమళ్లకును చెఱకుతోటలకును ఆధారములు. శారదపై సేద్యమునకై వెలసిన రైవాడ జలాశయము నేడు విశాఖ నగరపు దాహమును సైతము తీర్చుచున్నది. ఏలేరు కాలువ ఉక్కు కర్మాగారమునకు నీరు మోయుచున్నది. నగరమునకు నీరీయరాదని నేననను. కాని అంతదూరము నీటిని నడిపింపగల ప్రభుత్వము ఊరి ప్రక్క కట్టకు మదుము తలుపైనను బాగుచేయింపకపోవుట న్యాయము కాదు.

వేసవి చివర అట్టి కట్ట నొకదానిని చూడుడు. ఎగువన కట్ట నెత్తిదాక ఇసుక మేట; మదుము నోట తుంగ; తుప్పుపట్టి తిరుగుట మానిన తలుపు మర. దిగువనో, లారీలవారు ఇసుకను లోతుగా త్రవ్వుకొని పోవుటచే పునాదిరాళ్లు బయల్పడి, వరద దూకినప్పుడెల్ల వాని క్రింద మట్టి కోసికొనిపోవుచుండును. ఇసుక త్రవ్వకమును అదుపుచేయుటకు 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టము ఉండనే యున్నది! తలుపు లేవదు గనుక శివారు రైతు రాత్రివేళ గండి కొట్టును. ఎగువ రైతు తెల్లవారి బస్తాలతో పూడ్చును. ఈ వైరమునకు మూలము మనుష్యుల దుర్బుద్ధి కాదు, మరామతు లేమియే.

1858 నాటి మద్రాసు చట్టము ఇట్టి మరామతు పనులకు ఊరివారి శ్రమను నిర్బంధముగ రాబట్టజూచినది. 1997 నాటి ఆంధ్రప్రదేశ్ సాగునీటి చట్టము ఆ నిర్బంధమునకు మారు రైతుల నీటి సంఘముల నేర్పరచినది. ఇది మెచ్చదగిన మార్పే. ఐనను అందు ఓటు భూమిగలవారిది. కట్టచెంత బట్టలుతుకు రజకుని మాట, పశువులను నీటికి తోలు కాపరి మాట, మడుగులో వలవేయు బెస్తవాని మాట ఎవరు విందురు? కట్ట తెగిన మొదటి దినముననే నష్టపడువారు వీరు.

కావున నీటిపారుదల శాఖవారు వచ్చు తొలకరికి ముందే ఎగువ దిగువ ఊళ్లవారిని, భూమి లేనివారితో సహా, కట్టమీదనే సమావేశపరచి, నీటి వంతులు అందఱి యెదుట వ్రాయించి, మేట తీయించి, తలుపు మర బాగుచేయించి, కట్ట దిగువ ఇసుకకు లారీ దిగకుండ కట్టడి చేయవలెనని మనవి.