పాత గుండె... కొత్త ఊపిరి!

కారు పాతది. ఇంజిన్‌ కంపెనీ బిగించిందే. లోపలున్న పిస్టన్లు, కనెక్టింగ్‌ రాడ్లు, క్రాంక్‌షాఫ్ట్‌... ఒక్కటీ మార్చలేదు. బయట మాత్రం పెద్ద టర్బో తగిలించారు. దానికి సరిపడా పెట్రోలు అందే ఏర్పాటు చేశారు. అంతే, 280 హార్స్‌పవర్‌ అని చెప్పి అమ్మిన ఇంజిన్‌ కాస్తా 600 దాటేసింది!

కట్టుకథ కాదిది. 1993లో వచ్చిన టయోటా సుప్రాతో అభిమానులు ఎన్నో ఏళ్లుగా చేస్తున్న పనే. 2001లో వచ్చిన హాలీవుడ్‌ సినిమా ‘ద ఫాస్ట్‌ అండ్‌ ద ఫ్యూరియస్‌’లో నారింజరంగులో దూసుకెళ్లింది ఆ కారే. మరి అంత బలం ఉన్నప్పుడు కంపెనీయే ఎందుకు ఇవ్వలేదు? ఇంజిన్‌ ఎంతవరకు ఓర్చుకుంటుంది? పాత సామానుతోనే పని కానిచ్చేయాలనుకునేవాళ్లు ముందు తెలుసుకోవాల్సింది ఇదే.

ఊపిరి పెరిగితే...

పెట్రోలు మండాలంటే గాలి కావాలి. మామూలు ఇంజిన్‌ బయటి గాలిని తనంతట తానే పీల్చుకుంటుంది. టర్బో అలా కాదు. సైలెన్సర్‌ వైపు వృథాగా పోయే వేడి పొగతో ఓ చక్రాన్ని తిప్పి, అదే ఇరుసుకు రెండో చివర ఉన్న మరో చక్రంతో గాలిని బలవంతంగా లోపలికి నెడుతుంది. అలా అదనంగా వచ్చే ఒత్తిడినే ‘బూస్ట్‌’ అంటారు. మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి సుమారు ఒక బార్‌. దానికి ఇంకో బార్‌ బూస్ట్‌ కలిపి, ఆ గాలిని బాగా చల్లబరిస్తే అదే సిలిండర్లో దాదాపు రెట్టింపు గాలి పడుతుంది. పెట్రోలూ అంతే పోస్తారు. మంట దెబ్బా పెరుగుతుంది.

ఆ దెబ్బ ముందు పిస్టన్‌కి తగులుతుంది. అక్కణ్నుంచి రాడ్డుకి, బేరింగులకి, క్రాంక్‌కి. అందుకే చాలామంది పోతపోసిన పిస్టన్లు తీసేసి, కమ్మరి కొట్టినట్టు భారీ ఒత్తిడితో నొక్కి తయారుచేసిన ‘ఫోర్జ్‌డ్‌’ పిస్టన్లు వేస్తారు. రాడ్లూ మారుస్తారు. సామాను ఖర్చుకి బోరింగు, బ్యాలెన్సింగు కూలి తోడవుతుంది. కంపెనీ సామానే సరిపోతే ఆ డబ్బంతా మిగిలినట్టేగా!

కంపెనీ దాచిన బలం

సుప్రాలోని 2జేజెడ్‌-జీటీఈ ఇంజిన్‌కి ఆరు సిలిండర్లు. పోత ఇనుము బ్లాకు. క్రాంక్‌ను ఏడుచోట్ల పట్టి ఉంచే బేరింగులు. పిస్టన్ల అడుగున ఆయిల్‌ చిమ్మి చల్లబరిచే గొట్టాలు. అప్పట్లో జపాన్‌ కంపెనీలు 280 హార్స్‌పవర్‌కి మించి ప్రకటించకూడదని తమలో తాము ఓ మాట అనుకున్నాయి. 2004 దాకా ఆ కట్టుబాటు నడిచింది. అమెరికాకి పంపిన ఇదే ఇంజిన్‌కి మాత్రం 320 అని రాశారు!

అలాగని బలమంతా కాగితాల మీద దాచిందే అనుకోవద్దు. ఎండల్లో, చలిలో, నాసిరకం పెట్రోలుతో, ఆయిల్‌ మార్చడం మర్చిపోయే యజమానితో... ఇన్నిటి మధ్యా లక్షల కిలోమీటర్లు నడవాలని కంపెనీ కొంత బలం ఎక్కువే పెడుతుంది. టర్బో పెంచినవాళ్లు వాడుకుంటున్నది ఆ నిల్వనే. కొత్తగా పుట్టిన బలం కాదది... ముసలితనానికని దాచిన సొమ్ము!

ఆ నిల్వ అన్ని ఇంజిన్లకీ ఒకేలా ఉండదు. ఇదే ఇంజిన్‌కి 2జేజెడ్‌-జీఈ అనే తోబుట్టువుంది. సైజు అంతే. కానీ టర్బో లేకుండా నడవడానికి చేసింది. టర్బో ఇంజిన్లో గాలిని 8.5 వంతులకి ఒక వంతుగా నొక్కితే, ఇందులో 10 వంతులకి ఒకటిగా నొక్కుతారు. ‘అన్న మోశాడు కదా’ అని తమ్ముడి నెత్తిన అదే మూట పెడితే మోయలేడు!

విరిచేది వేగం... కరిగించేది వేడి

బూస్ట్‌ పెరిగితే రాడ్డు విరిగిపోతుందనుకుంటారు చాలామంది. నిజానికి రాడ్డు నొక్కుడుని బాగానే తట్టుకుంటుంది. దాన్ని ఎక్కువగా లాగి వేధించేది ఇంజిన్‌ వేగం. పైకి దూసుకెళ్లిన పిస్టన్‌ని ఆపి వెనక్కి గుంజే పని రాడ్డుదే. ఆ లాగుడు వేగానికి వర్గంలెక్కన పెరుగుతుంది. నిమిషానికి 6 వేల చుట్లు తిరిగే ఇంజిన్ని 8 వేలు తిప్పితే లాగుడు దాదాపు 78 శాతం ఎక్కువ! అందుకే పాత సామానుతో నడిపేవాళ్లు తెలివిగా వేగం పరిమితిని పెంచకుండా వదిలేస్తారు. తక్కువ వేగంలోనే ఒక్కసారిగా బూస్ట్‌ కొట్టకుండానూ చూసుకుంటారు. ఆ దెబ్బకి రాడ్లు వంగిపోతాయి మరి.

అసలు శత్రువు ‘నాకింగ్‌’. స్పార్క్‌ నుంచి మంట వరసగా పాకాల్సింది పోయి, మూలనున్న పెట్రోలు ఆవిరి వేడికి తనంతట తానే భగ్గున పేలడమే నాకింగ్‌. పోతపోసిన పిస్టన్‌కి రింగుల మధ్య ఉండే పల్చటి గట్లు ఆ సమ్మెట దెబ్బలకి పెచ్చులూడిపోతాయి. పెట్రోలు చాలకపోతే వేడి పెరిగి పిస్టన్‌ కరిగి చిల్లుపడుతుంది. గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌, తగినంత పెట్రోలు, సరైన సమయంలో స్పార్క్‌... ఈ మూడూ కుదిరితే మామూలు పిస్టనూ బతుకుతుంది. కుదరకపోతే ఖరీదైన ఫోర్జ్‌డ్‌ పిస్టన్‌ కూడా నాలుగు రోజులు ఎక్కువ ఓర్చుకుంటుందేమో... అంతే!

పాత బ్లాకుతో ప్రపంచ ఛాంపియన్‌

పాత సామాను మీద నమ్మకం పెట్టుకున్నది కుర్రాళ్లే కాదు. ఫార్ములా వన్‌లో 1983లో నెల్సన్‌ పికెను ఛాంపియన్‌ చేసిన బీఎండబ్ల్యూ ఇంజిన్‌ బ్లాకు, 1960ల నాటి మామూలు కార్ల ఎం10 ఇంజిన్‌ నుంచి వచ్చిందే. ఇంజినీర్‌ పాల్‌ రోషే బృందం బాగా తిరిగిన కార్ల బ్లాకుల్ని కోరి ఏరుకునేది. పోతపోసినప్పుడు ఇనుములో మిగిలిపోయిన బిగువు, ఏళ్ల తరబడి వేడెక్కి చల్లారడంతో సర్దుకుంటుందని వాళ్ల లెక్క. ఒకటిన్నర లీటర్ల ఆ బుల్లి ఇంజిన్‌ 1986 నాటికి క్వాలిఫయింగ్‌లో 1,300 హార్స్‌పవర్‌ దాటి ఉంటుందని అంచనా.

అయితే వాళ్లు పాతది ఉంచుకున్నది బ్లాకునే. లోపలి పిస్టన్లు, రాడ్లు పోటీల కోసం విడిగా చేయించినవే. పైగా క్వాలిఫయింగ్‌ ఇంజిన్‌ ఆయుష్షు కొద్ది చుట్లే! ఏది ఉంచాలో, ఏది మార్చాలో తెలియడమే అసలు విద్య.

నాడి పట్టి చూడాలి

మొదట కంప్రెషన్‌ పరీక్ష. అన్ని సిలిండర్లూ ఇంచుమించు ఒకేలా ఉండాలి. తర్వాత ‘లీక్‌డౌన్‌’. అంటే సిలిండర్లోకి గాలి కొట్టి, అది వాల్వుల నుంచి పోతోందో రింగుల నుంచి పోతోందో చూడటం. ఆయిల్‌ ఒత్తిడి తగ్గితే బేరింగులు అరిగి ఉండొచ్చు. ఇంజిన్‌ విప్పితే మాత్రం రాడ్‌ బోల్టుల దగ్గర పిసినారితనం పనికిరాదు. సాగేదాకా బిగించే రకం బోల్టుల్ని మళ్లీ వాడకూడదు. హెడ్‌ గాస్కెట్‌, బేరింగ్‌ షెల్స్‌ కూడా కొత్తవే వేయాలి. పిస్టన్లు, రాడ్లు, క్రాంక్‌ కొలతల్లో సరిగ్గా ఉంటే వాటిని నిశ్చింతగా తిరిగి బిగించొచ్చు. ఉన్నచోట ఒదిగిన భాగాల్ని అనవసరంగా కదపకపోవడమే మేలు.

మనకెందుకు ఇదంతా అంటారా? ఇప్పుడు మన ఇళ్లముందున్న చిన్న పెట్రోలు కార్లలోనూ టర్బోలు వచ్చేశాయి. ల్యాప్‌టాప్‌ తగిలించి కంప్యూటర్‌ లెక్కలు మార్చి బూస్ట్‌ పెంచే ‘రీమ్యాప్‌’లూ వచ్చాయి. ఇంట్లో కుర్రాడు ‘ఏ భాగమూ మార్చడం లేదు నాన్నా’ అంటే అది నిజమే. చిక్కంతా అక్కడే! ఏ భాగమూ మారదు, దాని మీద బరువు మాత్రం పెరుగుతుంది. వారంటీ పోయే ప్రమాదమూ ఉంది. రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ ఒప్పుకోదు. హైవే మీద పోతుండగా రాడ్డు విరిగి బ్లాకును చీల్చుకొస్తే ఆయిల్‌ వేడి గొట్టాల మీద పడి మంటలు రేగొచ్చు, టైర్ల కిందికి చేరితే బండి అదుపు తప్పొచ్చు. అప్పుడు పోయేది ఇంజిన్‌ ఒక్కటే కాదు.

మరోమాట. వేగం రెట్టింపైతే బ్రేకులు మింగాల్సిన శక్తి నాలుగింతలు. కాబట్టి పిస్టన్ల మీద మిగిల్చిన డబ్బుని ముందు బ్రేకుల మీద, టైర్ల మీద పెట్టాలి. గుండె పాతదైతే వచ్చే ముప్పేం లేదు. నాడి చూడకుండా పరుగు పెట్టిస్తేనే ముప్పు!