మేతకు మేత



పెంపుడు బల్లికి మేత వెదికేవారు అడిగే మొదటి ప్రశ్న "బ్రతికున్న పురుగులు ఎక్కడ దొరుకుతాయి?" అన్నది. రెండవది "ఎంతకు దొరుకుతాయి?" అన్నది. మూడవ ప్రశ్న ఒకటి ఉన్నది, దానిని అడిగేవారు అరుదు: "ఆ పురుగులు ఇన్నాళ్ళూ ఏమి తిన్నాయి?" నన్నడిగితే మొదట అడగవలసినది ఈ మూడవదే. దీనికి జవాబు లేనిచోట తక్కిన రెండూ అడిగి ప్రయోజనం లేదు.

ఛందస్సూ వ్యాకరణమూ చెప్పుకొని ఉద్యోగం ముగించిన తెలుగు పండితునికి బల్లుల మేతతో ఏమి పని అని మీకు సందేహం కలగవచ్చు. డాలస్ దగ్గర ఉన్న మా అబ్బాయి ఇంట్లో, పదకొండేళ్ళ మా మనవడి గదిలో, గాజుపెట్టెలో ఒక లెపర్డ్ గెకో ఉన్నది. జానెడు పొడవు, పసుపు ఒంటి మీద నల్లని మచ్చలు. వాడు పెట్టిన పేరు మ్యాంగో. అఫ్గానిస్థాన్, పాకిస్థాన్, వాయవ్య భారతాలలోని రాతినేలలు ఈ జాతికి పుట్టిల్లు. దాయాది జాతి ఒకటి మన తూర్పు కనుమలలోనూ ఉన్నది. మన గోడబల్లిలాగా ఇది గాజు మీద ఎగబ్రాకలేదు, కాని దానికి లేని కనురెప్పలు దీనికి ఉన్నాయి. కదిలేదే దీనికి అన్నం. కదలనిదానిని పెట్టినా చాలావరకు అది ఉన్నదని కూడా గుర్తించదు.

2023 వేసవిలో నేను వెళ్ళేసరికి మ్యాంగోకు ఏడు నెలలు. నడక తేడాగా ఉన్నది. పొట్ట నేల మీద ఈడ్చుకుంటున్నది, వెనుక కాళ్ళు ప్రక్కలకు జారిపోతున్నాయి. ఇలకోడిని ఒడిసి పట్టుకొనేది గాని నమలలేక వదిలివేసేది. (మా వైపు కీచురాయి అంటాము. నిఘంటువుకు ఎక్కిన ఇలకోడి అన్న మాట నాకు ఇష్టం కనుక అదే వాడుతున్నాను.) ఇటువంటి ప్రాణులకు వైద్యం చేసే డాక్టరమ్మ దానిని అరచేతిలో పట్టుకొని క్రింది దవడను వేలితో సుతారంగా నొక్కి చూపింది. రబ్బరులాగా వంగింది. ఎముకలలో కాల్షియం లేదన్నది. మా మనవడు కారులో ఇంటికి వచ్చేంతవరకు మాట్లాడలేదు.

ఇంట్లో ఎవరూ అశ్రద్ధ చేయలేదు. దుకాణంవారు చెప్పినట్టే వారం వారం ఇలకోళ్ళు కొన్నారు, చెప్పినట్టే కాల్షియం పొడి చల్లి పెట్టారు. మరునాడు నేను కూడ ఆ దుకాణానికి వెళ్ళి చూశాను. పెద్ద ప్లాస్టిక్ పెట్టెలో గుడ్ల అట్టలు నిలబెట్టి ఉన్నాయి, వాటి మీద వందలాది ఇలకోళ్ళు. తినడానికి ఏమీ లేదు. నీటికోసం పెట్టిన జిగురు ముద్ద ఎండి బిళ్ళ కట్టింది. అడుగున చచ్చినవి, వాటిని పీక్కుతింటున్న బ్రతికినవి. అమ్మే కుర్రవాడు మర్యాదస్థుడే. "ఇవి ఏమి తింటాయి బాబూ?" అని మా అబ్బాయి చేత అడిగిస్తే, రెండు మూడు రోజులలో అమ్ముడుపోతాయి గదా, మేత ఎందుకు అన్నాడు.

ఇక్కడ కొంచెం శాస్త్రం చెప్పుకోక తప్పదు. పురుగుకు ఎముకలు లేవు. దాని పైపెంకు కైటిన్ అనే పదార్థం. పీతల, రొయ్యల పెంకులలో ఉన్నట్టు అందులో కాల్షియం నిండి ఉండదు. అందువల్ల ఇలకోడిలోనైనా పిండిపురుగులోనైనా కాల్షియం అత్యల్పం, భాస్వరం దానికి ఎన్నో రెట్లు. బల్లికి కావలసిన లెక్క దీనికి తలక్రిందులు. కాల్షియం భాస్వరానికి కనీసం సమానంగా, వీలైతే రెట్టింపుగా ఉండాలి. లేకపోతే శరీరం రక్తానికి కావలసిన కాల్షియాన్ని తన ఎముకలనుండే తీసుకుంటుంది. అప్పుడే దవడ రబ్బరవుతుంది. దీనికి తోడు డి-3 విటమిన్ లేకపోతే తిన్న కాల్షియం కూడా ఒంటబట్టదు. పురుగులలో బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ డింభకం ఒకటి మాత్రం ఈ నియమానికి అపవాదం, దాని చర్మంలోనే కాల్షియం ఉంటుంది.

పొడి చల్లితే చాలదా అంటారు. చల్లవలసిందే, కాదనను. కాని ఇలకోడి శుభ్రత కలిగిన ప్రాణి. మీసాలూ కాళ్ళూ నోటితో తుడుచుకుంటూ కొన్ని గంటలలో ఆ పొడినంతా వదిలించుకుంటుంది. లెపర్డ్ గెకో ఏమో చీకటి పడ్డాక గాని వేటకు లేవదు. పురుగు కడుపులో ఉన్నది మాత్రం తుడుచుకుంటే పోదు. అందుచేత బల్లికి పెట్టడానికి ఒకటి రెండు రోజుల ముందు పురుగులకు కడుపునిండా మంచి మేత పెట్టాలి. ఆవ ఆకు, టర్నిప్ ఆకు, చిలగడదుంప తురుము, కాల్షియం కలిపిన దాణా వాడవచ్చు. పాలకూర వద్దు. అందులోని ఆక్సాలిక్ ఆమ్లం కాల్షియాన్ని పట్టి ఉంచుతుంది. నీళ్ళ గిన్నె పెడితే మునిగి చస్తాయి గనుక క్యారెట్ ముక్క చాలు.

తిండి వల్ల పురుగు స్వభావమే మారుతుందనడానికి హార్న్‌వర్మ్‌ను మించిన ఉదాహరణ లేదు. పొగాకు మీదా టమాటా మీదా బ్రతికే చూపుడువేలంత గొంగళిపురుగు అది. పెరటి టమాటా చెట్టు మీదనుండి దానిని తీసి బల్లికి పెట్టకూడదు. అది తిన్న ఆకులోని విషం దాని ఒంట్లో ఉంటుంది. అదే జాతి పురుగును గ్రుడ్డునుండి దాణా మీద పెంచి అమ్ముతారు. అది నీరు నిండిన మెత్తని మేత, నిరపాయం. పచ్చని ఆకు ఎరుగదు కనుక దాని రంగు కూడా నీలం కలిసిన పసరువన్నెగా ఉంటుంది. జాతి ఒక్కటే. ఒకటి విషం, మరొకటి ఆహారం.

ఈ సంగతి మన పట్టురైతుకు చెప్పవలసిన అవసరం లేదు. నేను ఉద్యోగం చేసినది హిందూపురం ప్రాంతంలో. నా శిష్యులలో చాలామంది ఇళ్ళలో మనుషుల అన్నం వేళ తప్పినా పురుగుల ఆకు వేళ తప్పేది కాదు. పొగాకు చేను ప్రక్కనున్న మల్బరీ ఆకు కోయరు. మందు కొట్టిన ఆకు గడువు తీరేదాకా ముట్టరు. ఇక గ్రుడ్ల నాణ్యత ఇంకా వెనుకటి మాట. 1865లో ఫ్రాన్సులో పట్టుపురుగులు పెబ్రిన్ రోగంతో కుప్పలుగా చస్తుంటే లూయీ పాశ్చర్‌ను పిలిపించారు. గ్రుడ్లు పెట్టిన తల్లి సీతాకోకను సూక్ష్మదర్శిని క్రింద పరీక్షించి, రోగం లేని తల్లి గ్రుడ్లనే ఉంచుకోవాలని ఆయన తేల్చాడు. నేటికీ మన గ్రుడ్ల కేంద్రాలలో చేసేది అదే. 2006లో కేంద్ర పట్టు మండలి చట్టాన్ని సవరించి గ్రుడ్ల నాణ్యతకు చట్టబద్ధమైన తనిఖీ కూడా ఏర్పరచారు. నూలు తీసే పురుగుకు ఇంత విచారణ! పెంపుడు ప్రాణి పొట్టలోకి పోయే పురుగు డబ్బా మీద, నేను చూసినంతమేరకు, దాని సైజు తప్ప మరొక్క అక్షరం లేదు.

అన్నట్టు అమెరికాలో పట్టుపురుగును కూడా బల్లులకు మేతగా అమ్ముతారు. తిరిగి వచ్చాక ఈ మాట మా ఊరి రైతు ఒకరితో అంటే, ఆయన అయ్యో పాపమనలేదు, నవ్వలేదు. "అక్కడ దానికి ఏం ఆకు వేస్తారు సార్?" అన్నాడు.

తపాలాలో తెప్పించుకొనే పద్ధతి ఉన్నది. దుకాణం కన్న నాకు అదే నచ్చింది, ఎందుకంటే పెంచేవాడినే అడగవచ్చు. ఏమి మేపుతారు, పెట్టె కట్టి ఎన్నాళ్ళయింది, చచ్చి వస్తే మళ్ళీ పంపుతారా అన్నవి సూటిగా అడగాలి. టెక్సాస్ ఎండలో వాకిట్లో రెండు గంటలు ఉన్న పెట్టెలో బ్రతికినవి మిగలవు కనుక, మనిషి ఇంట్లో ఉన్న రోజునే చేరేట్టు చూసుకోవాలి. పెట్టె తెరవగానే మొదట పని చేయవలసినది ముక్కు. అమ్మోనియా ఘాటు వచ్చిందంటే లోపల చావులు ఎక్కువని అర్థం. మంచి ఇలకోడికి రెండు మీసాలూ ఉంటాయి, వెనుక కాళ్ళు రెండూ ఉంటాయి, పొట్ట నిండుగా ఉంటుంది, చేయి చూపితే గెంతుతుంది. పెద్దవి వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటూ ఉంటే ఆ మందను వదులుకోవాలి. 2009, 2010 ప్రాంతాలలో ఒక వైరస్ సోకి ఉత్తర అమెరికాలో ఇలకోళ్ళ పెంపకశాలలు కొన్ని మూతపడ్డాయి. ఆ రోగ లక్షణం ఇదే. అది బల్లికి అంటదు, కాని రోగిష్టి పురుగులో సత్తువ ఏముంటుంది? పురుగు సైజు బల్లి రెండు కళ్ళ మధ్య దూరాన్ని మించకూడదన్నది పెంపకందారులందరూ పాటించే కొలత. తినగా మిగిలినవాటిని పెట్టెలో వదలకూడదు, నిద్రపోతున్న బల్లినే కొరుకుతాయి.

ఇంటివద్ద పెంచుకోదగినవి డూబియా బొద్దింకలు. ఈ మాట వినగానే మా కోడలు "మామయ్యగారూ, బొద్దింకలు రాకుండా డబ్బులిచ్చి మందు కొట్టిస్తున్నాం. ఇప్పుడు డబ్బులిచ్చి బొద్దింకలు తెచ్చుకోవాలా?" అన్నది. న్యాయమైన ప్రశ్నే. అయితే ఇవి మన వంటింటి జాతి కావు. దక్షిణ, మధ్య అమెరికాలవి. నున్నని గోడ ఎక్కలేవు, అరవవు, ఇలకోళ్ళంత కంపు కొట్టవు. ఏడాది పైన బ్రతుకుతాయి. గ్రుడ్లతిత్తిని కడుపులోనే దాచుకొని పిల్లలను కంటాయి. వెచ్చదనం కావాలి, ఓపిక కావాలి; మంద నిలద్రొక్కుకోవడానికి నెలలు పడుతుంది. అయితే అవి పుట్టిననాటినుండి ఏమి తిన్నవో మీకు తెలుసు, నాకు కావలసినది అదే. చివరకు ఆమె ఒప్పుకున్నది, గరాజులో, మూత మీద రెండు ఇటుకలు ఉంచే షరతు మీద. మందు కొట్టడం మాత్రం ఆ గరాజు వైపు మానిపించింది.

మాది శాకాహార కుటుంబం. ప్రాణం పోసుకొని తిరిగేదానిని పిల్లవాడి చేత బల్లి నోటికి అందించడమేమిటని మా ఆవిడ ఫోనులో బాధపడ్డది. నేను సమాధానం చెప్పలేదు, కాని ఆలోచించకపోలేదు. బల్లిని శాకాహారిని చేయలేము. దానిని తెచ్చుకోకుండా ఉండవలసింది అన్నది న్యాయమే గాని, తెచ్చుకున్న తరువాత ఆ మాటతో పనిలేదు. ఇక మిగిలినది ఆ పురుగు చివరి నాలుగు రోజులు ఎట్లా గడుస్తున్నాయన్నది. పస్తు పెట్టి, చీకటి డబ్బాలో తోటి శవాలను తినేట్టు చేసి, ఆపైన బల్లికి వేయడం నాకు రెండింతల హింసగా తోచింది. ఆ ఇలకోళ్ళకు ఆకు వేసే పని మా మనవడు తానే తీసుకున్నాడు, బడికి వెళ్ళే ముందు. ఇటువంటి పని చేయలేని ఇంట్లో బల్లిని పెంచకూడదన్నది నా దృఢమైన అభిప్రాయం. ఎవరికి కోపం వచ్చినా సరే.

మన దేశంలో కూడా నగరాలలో ఈ సరదా పెరుగుతున్నది. ఇక్కడివారు చేసే మొదటి పని పెరట్లో మిడతలు పట్టడం, లేదా తొలకరి రాత్రి దీపం క్రింద రాలిన ఉసుళ్ళు ఊడ్చుకు రావడం. మన గోడబల్లి ట్యూబులైటు ప్రక్కన అవే తిని బ్రతుకుతున్నది గదా అంటారు. అది పదిరకాల పురుగులు ఏరుకొని తింటుంది, నచ్చనిదానిని వదిలి పోతుంది. పెట్టెలో ఉన్నదానికి మీరు వేసినదే గతి. ఆ మిడత నిన్న ఏ పత్తిచేలో మందు త్రాగి వచ్చిందో మీకు తెలియదు. మిణుగురును ఎన్నడూ పెట్టకండి. అమెరికా మిణుగురులలో కొన్నింటి విషానికి ఒక్క పురుగుతోనే పెంపుడు తొండలు చనిపోయినట్లు నమోదయింది. పక్షులకూ చేపలకూ మేతగా అమ్మే పిండిపురుగులు మన నగరాలలోనూ దొరుకుతున్నాయి. అవి తెచ్చుకొని గోధుమతవుడులో పెట్టి, క్యారెట్ ముక్క వేసి, ఫ్రిజ్‌లో ఉంచితే చాలాకాలం గూడు దశకు పోకుండా ఆగుతాయి. పెట్టే ముందు రోజు బయటకు తీసి మంచి మేత వేయండి. వాటినే పోలిన పెద్దరకం సూపర్‌వర్మ్‌లను మాత్రం ఫ్రిజ్‌లో పెట్టకూడదు, చస్తాయి. ఉడుమువంటి మన అడవి జీవులను ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరమని వేరే చెప్పనక్కరలేదు.

మ్యాంగోకు నాలుగు నెలలు చుక్కలమందు వేశారు. దవడ గట్టిపడింది, తానే పట్టుకొని తానే నములుతున్నది. వెనుక ఎడమకాలు వంకర అట్లాగే ఉండిపోయింది.