మర కలిస్తేనే మాట కలిసేది

దేవరకొండ బజారులో బోరు సామాన్ల దుకాణం ముందు ఓ పది నిమిషాలు నిలబడి చూడండి. రైతు మోటారు ఒక కంపెనీది కొంటాడు. పైపులు ఇంకో కంపెనీవి. స్టార్టరు మూడో కంపెనీది. వైరు ఎవరిదో ఆయనకే గుర్తుండదు. అన్నీ ట్రాక్టరులో వేసుకెళ్లి బిగిస్తే నీళ్లు పైకొస్తాయి. రెండంగుళాల పైపంటే ఎవరు తయారుచేసినా రెండంగుళాలే. మర కలుస్తుంది.

ఒకవేళ మోటారు కంపెనీ 'మా మోటారుకు మా పైపులే పట్టాలి, మా పైపులకు మా స్టార్టరే ఉండాలి' అని మరలు మార్చేస్తే? ధర పెంచినా, సామాను పంపకపోయినా, రేపు ఆ కంపెనీ మూతపడినా... రైతు గతి అంతే!

సెల్‌ఫోను టవర్ల లోకంలో కొన్నేళ్లుగా నడుస్తున్నది సరిగ్గా ఈ మరల గొడవే. అమెరికా, చైనా, యూరప్, జపాన్, కొరియాలతో పాటు మన దేశమూ అందులో ఉంది. హైదరాబాద్ పక్కనే కందిలో ఉన్న ఐఐటీ ఆ గొడవలో ఓ ముఖ్యపాత్ర. ఇక పందెంలో ఉన్నది ఎవరంటారా? చందంపేట తండాలు, నల్లమల లోపలి చెంచు పెంటలు.

స్టార్టరు డబ్బాలో సిమ్ కార్డు

ముందు మన బావి దగ్గరి సంగతే చూద్దాం. 2018 జనవరి 1న తెలంగాణలో సాగుకు 24 గంటల ఉచిత కరెంటు మొదలయ్యే దాకా, మోటారు వేయడానికి రైతు అర్ధరాత్రి లేచి వెళ్లాల్సిందే. చీకట్లో పాము కాటుకో, తడిచేతికి షాకు కొట్టో పోయిన ప్రాణాలు ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఏ ఊళ్లో అడిగినా చెబుతారు. ఆ కాలంలో దేవుడిలా వచ్చింది మొబైల్ స్టార్టరు. డబ్బాలో ఒక సిమ్ కార్డు వేస్తారు. ఇంటి నుంచి ఫోను చేసి అంకె నొక్కితే మైలు దూరంలో బత్తాయి తోటలో మోటారు తిరుగుతుంది.

ఆ డబ్బా చేసింది ఒకరు, సిమ్ ఇచ్చింది ఇంకొకరు, టవరు మరొకరిది. అయినా పనిచేస్తోంది. ఎందుకంటే వాటన్నిటి మధ్యా జీఎస్ఎం అనే ఉమ్మడి ఒప్పందం ఉంది. 1987లో 13 యూరప్ దేశాల టెలిఫోను సంస్థలు కూర్చుని, ఫోను ఎలా మాట్లాడాలి, టవరు ఎలా వినాలి అన్నది రాసుకున్నాయి. ఆ రాత అందరికీ తెరిచే ఉంది. చదివి, అందులోని పేటెంట్లకు కట్టాల్సింది కట్టి, ఎవరైనా పరికరం చేసుకోవచ్చు. దీన్నే ఓపెన్ స్టాండర్డ్ అంటారు. మన మాటలో చెప్పాలంటే అందరికీ తెలిసిన మర.

దీనికి పక్కనే ఇంకో జ్ఞాపకం. 2003లో 501 రూపాయలు కట్టి ఎంతోమంది తొలి సెల్‌ఫోను పట్టుకున్నారు గుర్తుందా? అది సీడీఎంఏ ఫోను. కూలీనాలీ చేసుకునేవారి చేతికీ ఫోను ఇచ్చిన ఘనత దానిదే. కానీ అందులో సిమ్ ఉండేది కాదు. నంబరు ఫోనులోనే పాతుకుపోయి ఉండేది. మన ఊళ్లో సిగ్నలు లేదని ఇంకో కంపెనీకి మారదామంటే ఆ ఫోను పెట్టెలో పెట్టుకోవాల్సిందే. రేడియో పద్ధతిగా సీడీఎంఏలో లోపమేమీ లేదు. ఫోనును ఒక కంపెనీకే కట్టేసిన ఏర్పాటే ఇబ్బంది. మర కలవకపోతే ఏమవుతుందో అప్పట్లోనే మనకు అనుభవమైంది.

బల్ల చుట్టూ ఏడుగురు

ఇప్పుడు 4జీ, 5జీల మరలను నిర్ణయించేది 3జీపీపీ అనే వేదిక. 1998లో మొదలైంది. యూరప్, అమెరికా, చైనా, కొరియా, భారత్‌ల నుంచి ఒక్కోటి, జపాన్ నుంచి రెండు... మొత్తం ఏడు ప్రమాణాల సంస్థలు అందులో భాగస్వాములు. మన తరఫున టీఎస్‌డీఎస్ఐ కూర్చుంటుంది. రేడియో తరంగం ఎలా ఉండాలన్న దగ్గర్నుంచి ఫోను బ్యాటరీ ఎలా పొదుపు చేయాలన్నదాకా ఆ సమావేశాల్లోనే తేలుతుంది. ఎవరి ఆలోచన పుస్తకానికెక్కితే వారికి పేటెంటు రాయల్టీ. ఆ తర్వాత లోకంలో ఎక్కడ ఫోను అమ్ముడైనా వారికి పైసలు వస్తాయి.

అందుకే ఆ బల్ల దగ్గర కుర్చీకి అంత విలువ. 2019 మేలో అమెరికా చైనా కంపెనీ హువావేను నిషేధ జాబితాలో పెట్టింది. దాంతో ఓ విచిత్రం జరిగింది. హువావే ఉన్న సమావేశాల్లో నోరు విప్పితే సాంకేతిక సమాచారం ఇచ్చినట్టవుతుందేమోనని అమెరికా కంపెనీల ఇంజినీర్లు వెనకాడారు. వీళ్లు మౌనంగా ఉంటే లాభం ఎవరికి? హువావేకే! సంగతి అర్థమై అమెరికా ప్రభుత్వం 2020 జూన్‌లో రూలు మార్చింది. ప్రమాణాల సమావేశాల్లో హువావేతో కలిసి పనిచేయొచ్చని అనుమతించింది. వ్యాపారం వద్దు గానీ పంచాయితీలో కూర్చోక తప్పదన్నమాట. పంచాయితీకి వెళ్లనివాడి మీదే తీర్పు పడుతుందని మన ఊళ్లో ఎవరికి తెలియదు?

ఆరు కిలోమీటర్ల లెక్క

ఇక మన కథకు వద్దాం. 5జీకి పరీక్ష ఎలా పెట్టాలని అంతర్జాతీయ టెలికాం సంఘం ఐటీయూ నిబంధనలు రాస్తున్నప్పుడు, పల్లెల్లో రెండు టవర్ల మధ్య దూరం 1,732 మీటర్లుగా లెక్క వేసుకున్నారు. అంటే కిలోమీటరున్నరకు పైగా ఓ టవరు. మన దగ్గర అది కుదిరే పనేనా? అంత దగ్గర దగ్గరగా టవర్లు వేస్తే పెట్టిన డబ్బు తిరిగిరాదు. తిరిగిరాదనుకుంటే ఏ కంపెనీ వేయదు.

మన దేశం వాదన వేరు. గ్రామపంచాయతీ ఉన్న ఊరికి ఫైబరు కేబుల్ వస్తుంది. అక్కడో టవరు పెట్టి చుట్టూ ఉన్న తండాలకు, గూడేలకు సిగ్నలు చేరవేయాలి. కాబట్టి టవర్ల మధ్య 6 కిలోమీటర్ల దూరమున్నా పనిచేసేదే పల్లె 5జీ అనిపించుకోవాలి. ఈ లెక్కను 2017లో ఐటీయూ తన పరీక్షల్లో చేర్చింది.

లెక్క చేరితే సరిపోదుగా, చేసి చూపించాలి. దూరం పెరిగితే ముందు దెబ్బతినేది టవరు కాదు, ఫోను. టవరుది పెద్ద గొంతు. అది పిలిస్తే తండాలో వినిపిస్తుంది. అరచేతిలో ఇమిడే ఫోనుది చిన్న గొంతు. దాని జవాబు టవరు దాకా చేరదు. గీతలు కనిపిస్తున్నా మాట పోకపోవడం, వాట్సప్ ఫొటో తిరుగుతూనే ఉండటం చాలాసార్లు ఇందుకే.

ఐఐటీ హైదరాబాద్‌లో ప్రొఫెసర్ కిరణ్ కూచి బృందం ఈ ముడి మీద పనిచేసింది. ఫోను పంపే తరంగంలో ఎగుడుదిగుళ్లు ఎక్కువైతే అది తన పూర్తి బలం వాడలేదు. నిండు బిందె నెత్తిన పెట్టుకుని గతుకుల బాటలో నడిచే మనిషి అడుగు తగ్గించుకున్నట్టు తగ్గించుకుంటుంది. తరంగాన్ని చదును చేస్తే అదే ఫోను గట్టిగా పలుకుతుంది. ఈ పద్ధతిని 5జీలో తప్పనిసరి చేస్తూ టీఎస్‌డీఎస్ఐ తయారుచేసిన ప్రమాణమే '5జీఐ'. 2020 నవంబరులో ఐటీయూ దాన్ని 5జీ సాంకేతికతల్లో ఒకటిగా గుర్తించింది. 2021 ఫిబ్రవరిలో అది అధికారిక సిఫారసుకెక్కింది.

సొంత బాట ఎంత దూరం?

శభాష్ అనుకునే లోపే చిక్కు వచ్చింది. ప్రపంచమంతా ఒక 5జీ, మనం ఒక 5జీ అయితే ఫోన్లు, చిప్‌లు మన కోసం వేరుగా చేయాలి, ధర పెరుగుతుంది, బయటిదేశాల ఫోన్లు ఇక్కడ, ఇక్కడివి బయట సరిగ్గా పనిచేయవు అని మన టెలికాం కంపెనీలే అభ్యంతరం చెప్పాయి. ఆ భయాన్ని కొట్టిపారేయలేం. చైనా తన సొంత 3జీగా టీడీ-ఎస్‌సీడీఎంఏను తయారుచేసి 2009 జనవరిలో చైనా మొబైల్‌కు లైసెన్సు ఇచ్చింది. వంద కోట్లకు పైగా జనమున్న దేశం కాబట్టి లోపల నడిచింది. బయట మాత్రం వేళ్లూనలేదు. 4జీ నాటికి చైనా కూడా ఉమ్మడి ప్రమాణంలోకే వచ్చేసింది. సొంతూరి బాట ఎంత బాగా వేసుకున్నా హైవేకు కలవకపోతే బండి ఊరు దాటదు.

చివరికి రాజీ కుదిరింది. 5జీఐలోని సారాన్ని 3జీపీపీ తన 'రిలీజ్ 17' ప్రమాణంలో కలుపుకొంది. విడిగా భారతీయ 5జీ అన్నది లేకుండా పోయింది. ఇది ఓటమి అన్నవాళ్లున్నారు. కానీ ఆలోచించండి: తండా కోసం వేసిన లెక్క ప్రపంచమంతా చదివే పుస్తకంలోకి ఎక్కింది. జెండా ఎగరలేదు గానీ మర కలిసింది. అదే పెద్ద లాభం.

తాళంచెవి ఎవరి దగ్గర?

మర కలిసినా, టవరు మీది పెట్టె లోపల ఏముందో తెలియకపోతే? దేశాల మధ్య గొడవంతా దీని మీదే. బ్రిటన్ 2027 చివరికల్లా తన 5జీ నుంచి హువావే పరికరాలు తీసేయాలని 2020 జులైలో నిర్ణయించింది. గల్వాన్ ఘర్షణ తర్వాత మన దేశమూ జాగ్రత్తపడింది. 2021 జూన్ 15 నుంచి, నమ్మదగినవని ప్రభుత్వం తేల్చిన చోట్ల నుంచే టెలికాం కంపెనీలు కొత్త పరికరాలు తెచ్చుకోవాలి. బీఎస్ఎన్‌ఎల్ 4జీ టెండరు 2020లోనే రద్దయింది. తర్వాత సీడాట్, తేజస్, టీసీఎస్‌లు కలిసి స్వదేశీ 4జీని తయారుచేశాయి. దేశవ్యాప్తంగా 97,500కు పైగా టవర్లతో దాన్ని ప్రధాని జాతికి అంకితం చేసింది 2025 సెప్టెంబరు 27న.

గర్వించాల్సిన విషయమే. అయితే ఈ ఐదేళ్ల ఆలస్యం ఖరీదు ఎవరు కట్టారు? బీఎస్ఎన్‌ఎల్ టవరు తప్ప వేరే దిక్కులేని ఊళ్లు. కరోనా కాలంలో పిల్లలు ఆన్‌లైన్ పాఠాల కోసం గుట్టలెక్కిందీ, 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ హాజరు ఫోనులోనే వేయాలని తప్పనిసరి చేసిందీ ఆ మధ్యకాలంలోనే. సిగ్నలు లేని చోట హాజరంటే కూలీకి కూలిడబ్బుల సమస్య.

మరో మార్గం, పెట్టెనే విడగొట్టడం. యాంటెన్నా దగ్గరి రేడియో ఒకరిది, వెనక ఉండే కంప్యూటరు ఇంకొకరిది, మధ్యలో మర అందరిదీ. అచ్చం మన బోరు సామాన్ల లెక్క! 2018లో ఇందుకోసం ఓ-రాన్ కూటమి పుట్టింది. స్థాపకులైన ఐదు కంపెనీల్లో అమెరికా ఏటీ అండ్ టీ ఉంది, చైనా మొబైల్ కూడా ఉంది. అయితే ఇందులోనూ ఓ తంటా ఉంది. మోటారు తిరగకపోతే మెకానిక్ స్టార్టరును తిడతాడు, స్టార్టరువాడు వైరును తిడతాడు. టవరు మూగబోతే బాధ్యత ఎవరిదో ముందే రాసుకోకపోతే తండావాళ్లకు మిగిలేది ఈ తిట్లే.

ఇప్పుడు 6జీ వంతు. 2030ని లక్ష్యంగా పెట్టుకుని ఐటీయూ 2023లో దానికి చట్రం సిద్ధం చేసింది. మారుమూలకూ చేరే సిగ్నలును ఈసారి అందులో ఓ ముఖ్య అవసరంగా రాసుకున్నారు. రాతలో చోటు దొరకడం వేరు, టవరు మీదికి ఎక్కడం వేరు. కంపెనీలు వేగం లెక్కలే చెబుతాయి. సెకనుకు ఎన్ని సినిమాలు దిగుతాయో గొప్పగా చూపిస్తాయి. మనం అడగాల్సింది మాత్రం ఒక్కటే: టవరుకు ఆరు కిలోమీటర్ల అవతల, తండా చివరింట్లో ముసలమ్మ 108కి ఫోను చేస్తే, ఆమె మాట ఇవతలికి వినిపిస్తుందా?