విడుదలైన ఆడది ఎక్కడికి పోవాలి?

2021లో వచ్చిన ‘నాంది’ సినిమాలో జైలు సన్నివేశాలు కదిలించాయనీ, విడుదల తర్వాతి కోర్టు కథ మాత్రం పాతదారి పట్టిందనీ కొందరు సమీక్షకులు రాశారు. చెయ్యని హత్యకు ఏళ్ల తరబడి విచారణ ఖైదీగా మగ్గిన కథానాయకుడు (అల్లరి నరేశ్) బయటికొచ్చి, 211వ సెక్షన్‌తో తనను ఇరికించినవాళ్ల మీద తిరగబడతాడు.

మా అభ్యంతరం కథ నడక మీద కాదు. జైలు తర్వాతి బతుకంటే పగ తీర్చుకోవడమేనా? కూలిపని ఎవరిస్తారు? గడపలోకి ఎవరు రానిస్తారు?

ఏజెన్సీ అంచునున్న మన దేవరాపల్లి నుంచి చూడండి. కొండదారుల్లో గంజాయి మూటతో దొరికేది తరచు కూలికి మోసే పేదలే, పెట్టుబడి పెట్టినవాడు కాదు. మూట ఇరవై కిలోలు దాటితే మాదకద్రవ్యాల చట్టం 37వ సెక్షన్ బెయిలుకు అడ్డుపడుతుంది. మగడు అడవివరం జైల్లో ఉంటే భార్య పిల్లల్ని సాకుతూ ములాఖత్‌కు తిరుగుతుంది. భార్యే జైలుకెళితే ఎంతమంది మగాళ్లు తిరుగుతారు? నిర్దోషి అని కోర్టు చెప్పినా ‘జైలుకెళ్లొచ్చింది’ అన్న మాట ఊళ్లో చెరగదు.

211వ సెక్షన్ నేడు భారతీయ న్యాయ సంహితలో 248. ఆ కేసు నడపాలన్నా మళ్లీ కోర్టు మెట్లే, మళ్లీ ఖర్చే. ఆధారం లేకుండా అరెస్టు చేయించినవాళ్ల నుంచి మేజిస్ట్రేటు ఇప్పించగలిగేది వెయ్యి రూపాయలకు మించదు. అన్యాయంగా జైలుపాలైనవారికి ప్రభుత్వమే పరిహారమివ్వాలని లా కమిషన్ 2018లో 277వ నివేదికలో సిఫారసు చేసింది.

సినిమా చూసి కళ్లు తుడుచుకున్న మనం ఆ చట్టం కోసం గొంతెత్తాలి. అంతకన్నా ముందు, జైలు నుంచి వచ్చిన చెల్లెలికి మన సంఘంలో చాప వేయాలి.