మన నేల, మన లెక్క – 9: అన్న సంతకం, చెల్లె ఎకరం



మానుకోట పక్క పల్లె నుంచి వచ్చే విద్యార్థిని ఒకామె మొన్న క్లాసయినంక ఆగింది. అమ్మానాయనలు లేరు. మూడెకరాల పట్టా భూమి. ఒక అన్న, ఇద్దరు ఆడపిల్లలు. పాసుబుక్కు అన్న పేరు మీదికి మారింది. ఆయన మూడెకరాలూ ఊరి ఆసామికి మిర్చి తోటకు కౌలుకిచ్చి పైసలు తీసుకున్నడు. "నన్ను అడగొద్దా సార్?" అన్నది.

అడగాలె. వీలునామా లేకుండా నాయన పోతే ఆ భూమిలో తలా ఎకరం. 1882 ఆస్తి బదిలీ చట్టం 44వ సెక్షన్ ప్రకారం ఉమ్మడి హక్కుదారు తన వాటానే ఇంకొకరికి ఇయ్యగలడు. చెల్లె ఎకరాన్ని కౌలుకిచ్చే హక్కు అన్నకు లేదు. ఆ ఒప్పందానికి ఆమె కట్టుబడి ఉండాల్సిన పని లేదు. పంపకం కోరుతూ సివిల్ కోర్టులో దావా వేయొచ్చు. కౌలు పైసల్లో తన పాలు అడగొచ్చు. రికార్డుల్లో పేరు మారినంత మాత్రాన హక్కు పుట్టదని సుప్రీంకోర్టు పలుమార్లు చెప్పింది.

అదే అసైన్డ్ భూమి అయితే? 1977 చట్టం కౌలును కూడా బదిలీ కిందనే లెక్కగట్టి నిషేధించింది. ఇంటిల్లిపాదీ సంతకం పెట్టినా అది చెల్లదు. భూమికే ఎసరు రావొచ్చు.

"కట్నం ఇచ్చినం గదా" అంటరు మనోళ్లు. కట్నం 1961 నుంచే నేరం. నేరాన్ని చూపించి వాటా ఎగ్గొడతరా? "అన్న కూడా బీదోడే" అంటరు. నిజమే. ఆ బీదరికాన్ని చూసే ఆసామి ఒక్క సంతకంతో మూడెకరాలు చేజిక్కించుకుంటడు. ముగ్గురితో మాట్లాడాల్సి వస్తే ఆయన బేరం అంత సులువుగ తెగదు. ఆడబిడ్డ సంతకం అన్నకు అడ్డం కాదు, భూమికి కావలి.

నా సంగతీ చెప్తా. దళిత స్త్రీల కథల మీద పీహెచ్‌డీ చేసిన. మా అక్కను అడగకుండ మా ఇంట్ల భూమి కౌలుకిచ్చిన నాడు నోరు మెదపలే. ఆ కౌలు పైసల్లోంచే నా హాస్టల్ ఫీజు కట్టిన్రు.

హిందూ కోడ్ బిల్లును పక్కన పెట్టినందుకు బాబాసాహెబ్ 1951లో మంత్రి పదవినే వదులుకున్నడు. ఆడబిడ్డకు ఆస్తి హక్కు ఆ బిల్లులో ఉంది. ఆయన ఫొటో గోడకు పెట్టుకొని అదే ఇంట్ల చెల్లెను అడగకుండ కాగితం రాస్తే, మనం దొరను ఏం నిలదీస్తం?

చెల్లెళ్లారా, ముందు అన్నకూ కౌలుదారుకూ ఇద్దరికీ నోటీసు ఇయ్యండి. ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్లందరికీ 1987 చట్టం కింద ఉచితంగ వకీలు దొరుకుతడు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టండి.

తమ్ముళ్లారా, ఈ పండుగకు ఇంటికి పోయినప్పుడు పాసుబుక్కు తెరవండి. అందులో ఎవరి పేరు లేదో చూడండి.