బొమ్మలగుట్ట నుంచి మాదాపూర్‌కి

వలస వచ్చినవాళ్ల చరిత్రను మ్యూజియంలో పెట్టి చూపించడంలో యూరప్‌వాళ్లది అందె వేసిన చేయి. 2017లో ఇటలీలోని పావియాలో లాంగోబార్డుల మీద పెద్ద ప్రదర్శన జరిగింది. అక్కడి నుంచి నేపుల్స్‌కి, 2018లో రష్యాలోని హెర్మిటేజ్ మ్యూజియానికి వెళ్లింది. 568లో ఆల్ప్స్ దాటి ఇటలీలో దిగిన జనం వాళ్లు. ఆ 2018లోనే వాళ్ల శ్మశానాల మీద ఒక డీఎన్‌ఏ పరిశోధన అచ్చయింది. హంగరీలోని సోలాద్‌లో, ఇటలీలోని కొలెన్యోలో ఒకే శ్మశానంలో రెండు రకాల మూలాలవాళ్లు పక్కపక్కనే ఉన్నారు. ఉత్తరాది మూలాలవాళ్ల సమాధుల్లో ఆయుధాలు, నగలు దొరికాయి. దక్షిణాది మూలాలవాళ్ల సమాధుల్లో దాదాపు ఏమీ దొరకలేదు. అద్దాల పెట్టె మీద ఒకే జాతి పేరుతో చీటీ అంటించడం ఎంత తొందరపాటో దీంతో తేలిపోయింది.

మన దగ్గర ఆ కాలపు వలసలకి ప్రధాన సాక్ష్యం ఎముకలు కాదు, రాతలు. ఆ రాతల్లోనూ పాఠ్యపుస్తకాలకి ఎక్కినవి రాజుల ప్రయాణాలే. 624 ప్రాంతంలో బాదామి చాళుక్యుల కుబ్జ విష్ణువర్ధనుడు వేంగికి వచ్చి స్థిరపడ్డాడని బడిపిల్లలు సైతం చెబుతారు. రాజుతో పాటు కదిలిన లేఖకులు, వంటవాళ్లు, ఏనుగుల మావటీలు ఎవరో పుస్తకం చెప్పదు.

ఒక మామూలు కుటుంబం (మరీ మామూలు కాదులెండి, పండితుల ఇల్లు) ఎలా కదిలిందో చూడాలంటే కరీంనగర్ జిల్లా గంగాధర మండలం కురిక్యాల దగ్గరి బొమ్మలగుట్ట ఎక్కాలి. కొండరాతి మీద జైన తీర్థంకరులు, చక్రేశ్వరి బొమ్మలు, వాటి దగ్గర పదో శతాబ్దపు శాసనం. వేయించినవాడు జినవల్లభుడు, కన్నడ ఆదికవి పంపడి తమ్ముడు. తమ పూర్వీకులది వేంగినాడు, కమ్మనాటి వంగిపర్రు అని చెప్పుకున్నాడు. తండ్రి భీమపయ్య. తల్లి అబ్బణబ్బె బెళ్వొల నాటి అణ్ణిగెరె జోయిస సింఘుని మనుమరాలు. అన్న కొలువు వేములవాడ చాళుక్య రాజు రెండో అరికేసరి దగ్గర. అంటే తాతలది గుంటూరు సీమ, అమ్మ పుట్టిల్లు ఇప్పటి ధార్వాడ వైపు, కాపురం తెలంగాణలో. గుట్ట మీద త్రిభువనతిలకమనే బసది కట్టించాడు, మదనవిలాసమనే తోట వేయించాడు, చెరువు తవ్వించి దానికి అన్న బిరుదు కవితాగుణార్ణవం పేరే పెట్టాడు. ఇదంతా సంస్కృతంలో, కన్నడంలో, తెలుగులో ఒకే బండ మీద చెక్కించాడు. తెలుగు భాగంలో కందపద్యాలున్నాయి. తెలుగుకి ప్రాచీన హోదా అడిగిన రోజుల్లో మనవాళ్లు గట్టిగా చూపించిన ఆధారాల్లో అవీ ఉన్నాయి. అన్న కన్నడంలో కావ్యం రాశాడు, తమ్ముడు తెలుగులో పద్యం చెక్కించాడు. ఆ ఇంట్లో ఎవరూ దాన్ని తగాదాగా చూసినట్టు లేదు.

జినవల్లభుడి అమ్మానాన్నల పెళ్లి భాష దాటింది. కులం దాటిందని మాత్రం పొంగిపోనక్కర్లేదు. మన సీసీఎంబీ శాస్త్రవేత్తలు హార్వర్డ్‌వాళ్లతో కలిసి 2013లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఈ దేశంలో జనం విరివిగా కలిసిపోయింది సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల కిందటి మధ్యకాలంలో. తర్వాత పెళ్లిళ్లు సొంత గుంపుల్లోనే ఉండిపోయాయి. జినవల్లభుడి కాలానికి ఊళ్లు మారేవాళ్లు గానీ వియ్యాలు మారేవి కావు. గచ్చిబౌలి అపార్టుమెంట్లలో పెళ్లి సంబంధాలు చూసే అమ్మానాన్నలను అడగండి: అబ్బాయి అమెరికాలో ఉన్నా ఫరవాలేదు, కులం మాత్రం మనదే కావాలి.

లాంగోబార్డుల ప్రదర్శన లాంటిది మనం పెట్టేట్టయితే పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియంలో కాకుండా మాదాపూర్‌లో పెట్టాలన్నది మా వాదన. 1998 నవంబరులో సైబర్ టవర్స్ తెరుచుకున్న తర్వాత ఆ బండల మీదికి వచ్చిన జనంలో సొంతూరు అక్కడే అని చెప్పేవాళ్లు ఎందరు? శిల్పారామం దగ్గరే రాష్ట్ర ఆర్ట్ గ్యాలరీ ఉంది, గోడలకి కొదవ లేదు. బొమ్మలగుట్ట బండను ఊడబెరికి తేనక్కర్లేదు. తడిపిన కాగితాన్ని శాసనానికి అంటించి, బ్రష్‌తో కొట్టి కొట్టి గుంటల్లోకి దించి, పైన సిరా అద్దితే నల్లటి నేల మీద అక్షరాలు తెల్లగా లేస్తాయి. ఆ అచ్చు చాలు.

దాని పక్కన చైతన్యపురి శాసనం అచ్చు పెట్టాలి. మూసీ ఒడ్డున గుట్ట మీద విష్ణుకుండినుల నాటి ప్రాకృత శాసనమది, హైదరాబాద్ నగరంలో దొరికినవాటిలో అతి పాతది. గోవిందరాజ విహారం పేరు, భిక్షాటనతో బతికే భిక్షువుల ప్రస్తావన అందులో ఉన్నాయి. అక్కడికి కూతవేటు దూరంలోని దిల్‌సుఖ్‌నగర్‌లో ఇప్పుడు వీధి వీధికీ హాస్టళ్లే. తర్వాత కీసరగుట్ట బండ మీది ‘తొలచువాండ్రు’ అన్న చిన్న రాత. రాళ్లు తొలిచే పనివాళ్లు రాజుల బిరుదుల జోలికి పోకుండా తమ పనినే పేరుగా చెక్కుకున్నారు. మా దృష్టిలో ప్రదర్శనకి తలమానికం అదే. హైటెక్ సిటీ అద్దాల మేడలకి కాంక్రీటు మోసిన పాలమూరు కూలీల, ఒడిశా కూలీల పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. ప్రారంభించిన మంత్రుల పేర్లే ఉన్నాయి.

కరీంనగర్ జిల్లా గ్రానైట్‌కి పేరుమోసింది, క్వారీల ముప్పు నుంచి బొమ్మలగుట్టను కాపాడమని చరిత్రకారులు ఎప్పటి నుంచో మొత్తుకుంటున్నారు. రాష్ట్ర వారసత్వ శాఖ ముందు ఆ గుట్ట చుట్టూ కంచె వేసి, కాపలా పెట్టి, తర్వాత ప్రదర్శన మాట ఎత్తాలి. డబ్బు లేదన్న సాకు చెల్లదు. 2013 కంపెనీల చట్టం ఏడో షెడ్యూలు సామాజిక బాధ్యత నిధులను చారిత్రక స్థలాల పరిరక్షణకి ఖర్చు పెట్టుకోవచ్చని స్పష్టంగా చెబుతోంది. సైబరాబాద్ కంపెనీల్లో పనిచేసే మా పాఠకులు తమ ఆఫీసుల్లో ఈ ప్రతిపాదన పెట్టాలని కోరుతున్నాం.