ఎడ్ల భాష

మా అత్తవారిది దిండి. గోదావరి ఒడ్డు, కొబ్బరితోటలు, పడవషికార్లు... చూడవచ్చేవారికి కొదవ లేదు. కిందటి సంక్రాంతికి మేం వెళ్ళినప్పుడు మామగారింటికి డర్బన్ నుంచి ఓ పెద్దావిడ వచ్చారు. పంతులమ్మగా చేసి రిటైరయ్యారు. ముత్తాత తెలుగువాడట, చెరకుతోటల్లో కూలికి వెళ్ళినవాడు. మద్రాసు నుంచి నేటాల్‌కి కూలీల మొదటి ఓడ 1860లో వెళ్ళింది లెండి. ఆవిడకు తెలుగు నాలుగు ముక్కలే వచ్చు. జూలూ మాత్రం ధారాళం.

అరుగుమీద కూర్చున్నాం. వీధిలో బండివాడు నాలుకతో టక్కుటక్కుమనిపిస్తూ ఎడ్లను తోలుకుపోతున్నాడు. ఆవిడ చటుక్కున, "అది మా జూలూలో హల్లండీ!" అన్నారు ఇంగ్లీషులో. మనం జాలిపడి చప్పరిస్తామే, అదీ హల్లేనట. అలాటివి మూడు రకాలట.

మా బావమరిది కొడుకు పకపకా నవ్వేడు. "ఎడ్ల భాషా, మామయ్యా?"

ఆవిడ నొచ్చుకోలేదు. "మీరు బహువచనానికి మాట చివర 'లు' చేరుస్తారు. మేం మాట మొదలు మారుస్తాం. 'ఉముంటు' అంటే మనిషి, 'అబంటు' అంటే మనుషులు" అని వాడికి ఓపిగ్గా చెప్పేరు. ఆఫ్రికాలో భాషలు సుమారు 2,000. లోకంలోని భాషల్లో మూడోవంతుకు దగ్గర. మనమేమో "ఆఫ్రికా భాష" అని ఏకవచనంలో తేల్చేస్తాం.

వాణ్ణి కోప్పడడానికి నాకు నోరు రాలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, నా క్లాసులో ఓ సవర కుర్రాడుండేవాడు. వ్యాకరణం చెబుతుంటే, "మా భాషలో ఇలా కాదండీ" అన్నాడు. "లిపిలేని భాషకు వ్యాకరణమేమిటోయ్!" అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆ ఏడాదంతా వాడు మళ్ళీ నోరు విప్పలేదు. సవరకు 1936లోనే సొంత లిపి పుట్టిందని అప్పుడు నాకు తెలియదు.

గిడుగు రామమూర్తిగారి పేరు చెప్పి పరీక్షలు ప్యాసైనవాణ్ణి నేను! పర్లాకిమిడిలో సవరవాణ్ణి ఇంట పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారాయన. అడవి జ్వరానికి మింగిన క్వినైను ఆయన చెవులు తీసుకుంది. అయినా 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు వచ్చేయి.

కేప్‌టౌన్‌లోనూ ఇలాగే జరిగింది. 1870లలో బ్లీక్ అనే జర్మను పండితుడూ, ఆయన వదినగారు లూసీ లాయిడూ, ఖైదీలుగా వచ్చిన సాన్ జాతివాళ్ళను ఇంట పెట్టుకుని వాళ్ళ ఖామ్ భాషను వేల పుటలు రాసుకున్నారు. ఆ భాష మాట్లాడేవాళ్ళు ఇప్పుడు లేరు. ఆ రాతలుండబట్టే 2000లో దక్షిణాఫ్రికా తన రాజచిహ్నం మీది నినాదాన్ని ఆ భాషలో చెక్కించుకోగలిగింది. అక్కడి 1996 రాజ్యాంగం తాను ఆదరించవలసిన భాషల్లో తెలుగునూ పేరుపెట్టి చెప్పింది సుమండీ! నేనో, నా క్లాసులోని సవరను ఆదరించలేకపోయాను.

ఆవిడ వెళ్ళేటప్పటికి పిల్లవాడు మూడు టక్కులూ పట్టేశాడు. నాకింకా ఒకటి లొంగలేదు. ఆ సవర కుర్రాడు ఇప్పుడెక్కడున్నాడో! కనబడితే ముందు క్షమాపణ చెబుతాను. ఆ తరవాత, కోపం లేకపోతే, పాఠం చెప్పమంటాను.